ఊకెనే వచ్చిన

పోయిన నెల ఈ శీర్షికలో, ఒంటరిగా ఉంటున్నవాళ్ళ ఇళ్ళకు వారానికోసారి పోయి కూర్చోవడం గురించి నాలుగు ముక్కలు రాశాను. దానికి వచ్చినన్ని ఉత్తరాలు ఇంతకుముందు ఏ విషయానికీ రాలేదు. కొత్తగా చదివేవాళ్ళ కోసం ఒక్క మాట: నేను వరంగల్‌లో 32 ఏళ్ళు పోస్ట్‌మన్‌గా చేసి రిటైరైనవాణ్ణి. మా కాలనీవాళ్ళం ఐదుగురం కలిసి ఈ పని చేస్తున్నాం. మాకు సంఘం లేదు, బ్యానర్ లేదు, రసీదు బుక్కు అసలే లేదు. నేను మానసిక నిపుణుణ్ణి కూడా కాదు. తలుపు కొట్టడం, తీసేదాకా ఆగడం, నాకు వచ్చిన విద్యలు ఈ రెండే. ఉత్తరాల్లోంచి ఏడింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మా కాలేజీవాళ్ళతో కలిసి ఒకసారి వృద్ధాశ్రమానికి పోయాను. పండ్లు, బ్రెడ్లు పంచి, ఫొటోలు దిగి గంటలో వచ్చేశాం. వచ్చేటప్పుడు ఒక అమ్మమ్మ నా చున్నీ పట్టుకుని "మళ్ళెప్పుడొస్తవ్" అన్నది. మళ్ళీ పోలేదు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. మా అపార్ట్‌మెంట్ కింది ఫ్లోర్లో కూడా ఒక పెద్దామె ఒక్కతే ఉంటుంది. పలకరిద్దామంటే ఏమని పోవాలో తెలియడం లేదు. ఎట్లా మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: బిడ్డా, ఆ ఫొటోల సంగతి వదిలేయ్. పండ్లు పంచడం తప్పేం కాదు, తిన్నవాళ్ళు సంతోషంగానే తిని ఉంటారు. "మళ్ళెప్పుడొస్తవ్" అంటే నువ్వు జవాబు చెప్పగలిగే చోట మొదలుపెట్టు. అట్లా చూస్తే ఆశ్రమం కంటే నీ కింది ఫ్లోరే నయం. మెట్లు దిగితే చాలు, ఆటో ఎక్కే పని లేదు. ఈ పని మధ్యలో మానేసినవాళ్ళలో ఎక్కువమంది దూరం వల్లే మానేశారు, నేను చూసినంతలో.

పోస్ట్‌మన్‌గా తిరిగినప్పుడు ఒకటి గమనించేవాణ్ణి. నలుగురున్న ఇంట్లో "పోస్ట్" అని కేకేస్తే ఎవరో ఒక పిల్లవాడు ఉరికొస్తాడు. ఒక్కరే ఉన్న ఇంట్లో అట్లా కాదు. నేను సైకిల్ స్టాండు వేయకముందే తలుపు తెరుచుకుంటుంది, లేదంటే ఐదు నిమిషాలు నిలబడ్డా తెరుచుకోదు. ఆ రెండో రకం ఇళ్ళ గురించే నాకు ఎక్కువ టెన్షన్ ఉండేది.

కొత్తవాడలో ఒక అవ్వ ఉండేది. జంపఖానాలు నేసే ఇల్లు. ముసలాయన పోయాక మగ్గం గుంట మీద చెక్కలు పరిచి, దాని మీదనే బియ్యం డబ్బా పెట్టుకుంది. కొడుకు భీవండిలో పవర్‌లూమ్ మీద పనిచేసేవాడు, నెలనెలా మనియార్డర్ పంపేవాడు. నేను నోట్లు లెక్కపెట్టి చేతిలో పెడితే "మళ్ళొకసారి లెక్కపెట్టు కొడకా" అనేది. పెట్టేవాణ్ణి. "ఇంకోసారి" అనేది. నన్ను నమ్మడం లేదని మొదట్లో కోపం వచ్చేది. ఏడాది పోయాక తెలిసింది, లెక్కపెట్టినంతసేపు నేను ఆ గుమ్మంలో కూర్చుని ఉంటానని ఆమె ఆశ. నోట్లను లక్ష్మీదేవి పటం వెనుక పెట్టి, రంజన్‌లోంచి చల్లటి నీళ్ళు ముంచి ఇచ్చేది. అవి తాగేలోపు కోడలి మీద ఒక ఫిర్యాదు.

ఒకరోజు మనియార్డర్ లేకుండానే ఆగాను. "ఏమొచ్చింది?" అన్నది. "ఏం రాలే అవ్వా, ఊకెనే వచ్చిన" అన్నాను. ఆమెకు ఏం చేయాలో తోచలేదు. పీట తుడిచింది. కూసోమన్నది. తానూ కూర్చుంది. మళ్ళీ లేచి కొంగుతో అదే పీట ఇంకోసారి తుడవబోయింది, నేను దాని మీద కూర్చుని ఉండగానే. "ఊకెనే వచ్చినవా?" అని రెండోసారి అడిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ ఇంటికి కరెంటు బిల్లాయన వస్తాడు, గ్యాస్ బండ వస్తుంది, ఓట్లప్పుడు ఓట్లవాళ్ళు వస్తారు. అందరూ పని మీద వచ్చేవాళ్ళే.

అట్లా అని నువ్వు రేపు పొద్దున్నే పోయి "ఊకెనే వచ్చిన అమ్మమ్మా" అంటే ఆమె జడుసుకుంటుంది. పేపరు నిండా గొలుసు దొంగతనాలు, ఫోన్ మోసాలే కదా. అందుకని మొదట ఏదో ఒక పని మీదే పో. ఇచ్చే పని కాదు, అడిగే పని. ఇంకో నెలలో బతుకమ్మ వస్తోంది. "అమ్మమ్మా, మా అమ్మ ఊళ్ళో ఉంటది, నాకు బతుకమ్మ పేర్వరాదు, చూపిస్తవా?" అని అడుగు. గునుగు పూలు కట్టలు కట్టి కొసలు రంగులో ముంచాలి. అడుగున ఆకు పరిచి తంగేడు ఎంత మందంగా వేస్తే పైవరుసలు జారవో చెప్పాలి. గౌరమ్మకు పసుపు ఎంత తడిగా కలపాలో చెప్పాలి. ఇవి నోటితో చెప్తే రావు, పక్కన కూర్చుని చేతితో చూపించాల్సిందే. ఒక పూట గడిచిపోతుంది. నీకు పండ్లు తీసుకుపోయే అవసరమే రాదు, ఆమే నీకు ఏదో ఒకటి పెట్టి పంపిస్తుంది. పెట్టింది తిను. "వద్దు అమ్మమ్మా, డైటింగ్" అన్నావంటే పని చెడగొట్టుకున్నట్టే.

ఆమె ముక్కుసూటిగా "నాకు రాదు, పో" అనొచ్చు. అప్పుడు నవ్వి వచ్చెయ్. పదిరోజులకు కరివేపాకు కోసం పో. సంక్రాంతికి సకినాలు చుట్టేటప్పుడు ఎట్లాగూ చేతులు చాలవు, అప్పుడు మీ ఇంటికి పిలువు. మూడుసార్లు అడిగినా తలుపు తీయకపోతే వదిలెయ్. ఒంటరిగా ఉండి హాయిగా ఉన్నవాళ్ళు కూడా ఉంటారు, వాళ్ళను మనం ఉద్ధరించే పని లేదు.

కుదిరిందనుకో, రోజు ఖాయం చేసుకో. వారానికి ఒక్కరోజు, ముప్పావు గంట. ఉత్సాహంలో "రోజూ వస్తా" అనకు. నేను చేసిన తప్పు అదే. ఒక రిటైర్డ్ టీచర్ సారు, భార్య పోయి ఏడాది. "ప్రతి ఆదివారం వస్తా సార్" అన్నాను. మూడు వారాలు పోయాను. నాలుగో వారం పెళ్ళి, ఐదో వారం ఇంటికి చుట్టాలు, ఆరో వారం ఉత్త బద్ధకం. ఏడో ఆదివారం పోతే వరండాలో రెండు కుర్చీలు వేసే ఉన్నాయి. నాది అనుకున్న కుర్చీ మీద పేపర్ కత్తిరింపులు, మూడు చిన్న కట్టలు, గుండుసూది గుచ్చి ఉన్నాయి. పోస్టాఫీసు వార్తలు ఎక్కడ కనపడ్డా నా కోసం కత్తిరించి, ఏ వారానివి ఆ వారం దాచిపెట్టాడు. కట్టలు చేతిలో పెట్టి "తీరిక దొరికిందా?" అన్నాడు. అంతే. ఆ తర్వాతి ఆదివారం కిటికీలోంచే "పని ఉంది" అన్నాడు. మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. పరీక్షలున్నా, జ్వరమొచ్చినా "ఈ వారం రాలేను" అని ఒక్క ఫోన్ కొట్టు బిడ్డా.

ప్రశ్న: మన దగ్గర ఇరుగుపొరుగు ఉండగా ఈ వలంటీర్లు, స్నేహం చేసే పథకాలు ఎందుకండీ? ఇవన్నీ విదేశాల రోగాలు. మా ఊళ్ళో ఎవరికి జ్వరమొచ్చినా పది మంది వస్తారు.
– ఒక పాఠకుడు, పరకాల

జవాబు: జ్వరమొస్తే వస్తారు, ఒప్పుకుంటాను. చచ్చిపోతే ఇంకా ఎక్కువమంది వస్తారు. ఏమీ కాని మంగళవారం మధ్యాహ్నం ఎవరొస్తారన్నదే నా ప్రశ్న.

నేను నౌకరీలో చేరినప్పుడు ఇండ్లకు అరుగులుండేవి. ఉత్తరం ఇస్తూనే నాలుగు ఇళ్ళ కబుర్లు తెలిసేవి. ఇప్పుడు అరుగు పోయి గేటొచ్చింది, గేటుకు "కుక్క ఉన్నది జాగ్రత్త" అని బోర్డొచ్చింది. కుక్క ఉండదు చాలా ఇళ్ళల్లో. పిల్లలు హైదరాబాద్, బెంగుళూరు, అమెరికా. మన ఉత్తర తెలంగాణ సంగతైతే చెప్పేదేముంది, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ దిక్కు గల్ఫ్‌కు పోయిన మనిషి లేని వాడ దొరకడం కష్టం. ఎవరి తప్పూ లేదు, పొట్టకూటి కోసం పోయారు. కానీ అరుగు మీద కూర్చునే మనిషి తగ్గిపోయాడు.

విదేశాల రోగం అన్నారు కాబట్టి ఒక విదేశం ముచ్చటే చెప్తాను, మా మనవరాలు చదివి వినిపించింది. లండన్‌లో చాడ్ వారా అని ఒక చర్చి ఫాదరు 1953లో, చచ్చిపోవాలనిపించినవాళ్ళు నాకు ఫోన్ చేయండి, వచ్చి మాట్లాడండి అని ఒక సేవ మొదలుపెట్టాడు. జనం బారులు తీరారు. లోపల ఈయన ఒక్కొక్కరితో మాట్లాడుతుంటే, బయట ఎదురుచూసేవాళ్ళకు కొందరు వలంటీర్లు టీ ఇచ్చి కూర్చుని కబుర్లు చెప్పేవాళ్ళు. కొన్నాళ్ళకు ఆయన గమనించిందేమంటే, చాలామంది టీ తాగి, ఆ వలంటీర్లతో మాట్లాడి, లోపలికి రాకుండానే కుదుటపడి వెళ్ళిపోతున్నారు. 1954లో ఆయన ఫోన్లెత్తే పని ఆ వలంటీర్లకే అప్పగించేశాడు. సమారిటన్స్ అని ఆ సంస్థ ఇప్పటికీ ఉంది. బ్రిటన్‌లో 2018లో ఒంటరితనం సంగతి చూడటానికి ఏకంగా ఒక మంత్రికే బాధ్యత ఇచ్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ఇచ్చిన నివేదిక, ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని చెప్పింది. అందులో ముసలివాళ్ళే కాదు, పడుచువాళ్ళూ ఉన్నారు. పరకాలను అందులోంచి మినహాయించినట్టు నాకైతే కనపడలేదు.

ప్రశ్న: నేను రిటైర్డ్ రైల్వే ఉద్యోగిని. నాలుగు నెలలుగా ప్రతి మంగళవారం మా వీధిలో ఒక పెద్దాయన దగ్గరకు పోతున్నాను. ఆయన మాట్లాడడు. టీవీ గట్టిగా పెట్టుకుని చూస్తుంటాడు. నేను ఏదైనా అడిగితే సంబంధం లేని జవాబు చెప్తాడు, లేదా తలూపుతాడు. లేవబోతే మాత్రం "మళ్ళీ మంగళవారమేనా" అంటాడు. నేను పోవడం వల్ల ఏమైనా ఉపయోగం ఉందా?
– ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: "మళ్ళీ మంగళవారమేనా" అని అడుగుతున్నాడు కదన్నా, ఇంకేం ఉపయోగం కావాలి? అది అట్లా ఉంచి, మీ ఉత్తరం చదవగానే నాకు అనుమానమొచ్చింది ఆయన చెవుల మీద. టీవీ గట్టిగా పెట్టడం, అడిగినదానికి ఇంకేదో చెప్పడం, తలూపడం, ఇవన్నీ వినపడనివాళ్ళ లక్షణాలు. వినపడటం లేదని ఒప్పుకోవడం నామోషీ. అందుకని మెల్లగా నలుగురిలోకి రావడమే మానేస్తారు. ఇంట్లోవాళ్ళు "పొగరు" అనో "మతి పోయింది" అనో పేరు పెడతారు. వినికిడి తగ్గి అట్లాగే వదిలేస్తే, తర్వాత మతిమరుపు జబ్బు వచ్చే ప్రమాదం పెరుగుతుందని డాక్టర్లు కూడా చెప్తున్నారు.

మట్టెవాడలో ఒక ముసలి టైలర్ ఉండేవాడు. నేనెంత పిలిచినా పలకడని నాకూ కోపమే. ఆఖరికి బతిమాలి గవర్నమెంటు ఆసుపత్రిలో చెవి డాక్టర్ దగ్గరకు తీసుకుపోయాను. రెండు చెవుల్లోనూ గులిమి గట్టిపడి బిరడాలాగా కూర్చుంది. చుక్కల మందు వేసి నానబెట్టి, నాలుగు రోజుల తర్వాత తీశారు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో మొహం చిట్లించుకుని కూర్చున్నాడు. ఏమైందంటే "ఆటో గింత లొల్లి చేస్తదా?" అన్నాడు. ఆ తర్వాత మాట్లాడటం మొదలుపెట్టాడు, ఇంక ఆపలేదు. ఒక్కోసారి చెవులు మూసుకుపోయి ఉన్నప్పుడే బాగుండెనేమో అనిపించేది నాకు.

అందరి సంగతీ గులిమితో తేలదు. నరం బలహీనమైతే మిషన్ కావాలి, దాన్ని అలవాటు చేసుకోవడానికి ఓపిక కావాలి. మీరు మాత్రం అగ్గిపుల్ల, పిన్నీసు, వేడి నూనె ఏదీ పెట్టనివ్వకండి. మాట్లాడేటప్పుడు వెలుతురు మీ మొహం మీద పడేట్టు ఎదురుగా కూర్చోండి. అరవకండి, అరిస్తే మాట చెదిరిపోతుంది. నిదానంగా, గొంతు కొంచెం దించి చెప్పండి. టీవీ రిమోట్ మీరు తీసుకోవద్దు, ఆయన ఇంట్లో అది ఆయన రాజ్యం. ముందు డాక్టర్‌కు చూపించండి. ఆ తర్వాత కూడా ఆయన మాట్లాడని మనిషే అయితే, ఇద్దరూ కలిసి చిక్కుడుకాయలు ఒలవండి.

ప్రశ్న: నేను చూడటానికి పోయే అమ్మమ్మ ప్రతిసారీ "దేవుడు నన్నెప్పుడు తీస్కపోతడో" అంటుంది. నాకు భయమేస్తుంది. ఏం చెప్పాలి?
– ఒక విద్యార్థిని, జనగామ

జవాబు: మన దగ్గర 70 దాటినవాళ్ళలో ఆ మాట అననివాళ్ళు తక్కువ. కొందరికి అది ఊతపదం, "చాయ్ తాగినవా" అన్నట్టే. కానీ ఎవరు ఊతపదంగా అన్నారు, ఎవరు లోపలి నుంచి అన్నారు అన్నది గోడ అవతలి నుంచి తెలియదు. అందుకని "అట్ల అనొద్దు అమ్మమ్మా, ఏం గాదు" అని మాట తుంచేయకు. "ఎందుకట్ల అనిపిస్తుంది?" అని అడిగి, చెప్పనివ్వు. చాలాసార్లు మోకాళ్ళ నొప్పి దగ్గరో, కోడలి మాట దగ్గరో తేలుతుంది.

తిండి మానేసినా, నిద్ర పట్టడం లేదన్నా, ఉన్నట్టుండి వస్తువులు పంచిపెడుతున్నా, మాత్రలు మింగకుండా దాస్తున్నా అది ఊతపదం కాదు. "చచ్చిపోవాలని ఉందా?" అని సూటిగా అడుగు. అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఉందంటే ఒంటరిగా వదిలి రావద్దు, ఇంట్లోవాళ్ళకు అప్పుడే చెప్పు. రహస్యంగా ఉంచుతానని మాత్రం మాటివ్వకు. టెలీ మానస్ అని సర్కారు మానసిక సాయం ఫోన్ లైన్ ఉంది, 14416కు రాత్రీపగలూ ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. నీకే గుండె బరువెక్కినా అదే నంబరు. ప్రాణం మీదకు వచ్చిందనిపిస్తే 108.

ప్రశ్న: ఏడాదిగా ఒక పెద్దావిడకు తోడుగా ఉంటున్నాను. మందులు తెచ్చిపెట్టడం, బ్యాంకు పనికి తోడు పోవడం చేస్తాను. ఈమధ్య ఆమె కొడుకు వచ్చి "మా అమ్మ దగ్గర నీకేం పని? ఇల్లు రాయించుకుందామనా?" అన్నాడు. చాలా ఏడుపొచ్చింది. మానేద్దామనుకుంటున్నాను.
– ఒక గృహిణి, సుబేదారి

జవాబు: చెల్లె, మీకు బాధ కలగడంలో తప్పు లేదు. అట్లా అని కొడుకుదీ పూర్తిగా తప్పు కాదు. ఊరికి దూరంగా ఉన్నవాడు, తాను చేయాల్సిన పని ఇంకొకరు చేస్తుంటే సిగ్గుపడతాడు. ఆ సిగ్గు కొందరికి కోపంగా బయటికొస్తుంది. పైగా ఇల్లు రాయించుకున్నవాళ్ళు లోకంలో లేకపోలేదు. మొదటి నెలలోనే ఆయనకు ఒక ఫోన్ చేసి "నేను ఫలానా, మీ అమ్మగారి దగ్గరకు బుధవారం పూట వస్తున్నాను" అని చెప్పి ఉంటే సగం గొడవ ఉండేది కాదు. ఇప్పుడైనా చేయండి.

మేం ఐదుగురం మొదటి నుంచీ కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. డబ్బు ముట్టం, అప్పు ఇవ్వం, తీసుకోం. ఏటీఎం కార్డు, పిన్ను, ఫోన్లో వచ్చే ఓటీపీ మా చేతికి రానివ్వం. ఏ కాగితం మీదా సాక్షి సంతకం పెట్టం. మందులు తెస్తే బిల్లూ చిల్లరా డబ్బాలో వేసి, నోట్‌బుక్కులో రాయిస్తాం. మొదటి రెండు మూడుసార్లు ఇద్దరం కలిసి పోతాం. పింఛనుకు తోడుపోవడం తప్పదు, ఎందుకంటే బీడీలు చుట్టి చుట్టి, నూలు వడికి వేలి గీతలు అరిగినవాళ్ళకు మిషన్ మీద ముద్ర పడదు. కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, ఈ వేలు కాకపోతే ఆ వేలు అని నిలబడాలి. ముద్ర పడ్డాక వచ్చే పింఛను డబ్బు మాత్రం వాళ్ళే లెక్కపెట్టుకుని వాళ్ళ సంచిలోనే పెట్టుకోవాలి.

మీరు పోయే ఇంట్లో పెద్దావిడను కొడుతున్నట్టో, తిండి పెట్టడం లేదనో అనుమానమొస్తే మీరు ఒక్కరే పోయి కొట్లాడకండి. పెద్దల కోసం 14567 అని ఎల్డర్ లైన్ ఉంది, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా. తల్లిదండ్రుల, పెద్దల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టం ప్రకారం ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్‌లో పోషణ ఖర్చు అడగొచ్చు. చూసుకోవాలన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే రద్దు చేయమని కూడా అడగొచ్చు. అయితే అడగాల్సింది ఆమె. ఆమె వద్దంటే, వంద రకాలుగా మీ రక్తం ఉడికినా, ఆగండి. చాలామంది తల్లులు వద్దనే అంటారు.

మానేయకండి. ఒకటి రెండు వారాలు ఆగి, కొడుకు ఉన్నప్పుడే పోయి అతని ఎదురుగానే కూర్చోండి.

ప్రశ్న: నేను దుబాయ్‌లో పనిచేస్తాను. అమ్మ ఊళ్ళో ఒక్కతే ఉంది. మీలాంటి వాళ్ళను వారానికోసారి మా ఇంటికి పంపగలరా? ఎంతైనా ఇస్తాను.
– ఒక పాఠకుడు, మెట్‌పల్లి

జవాబు: తమ్ముడూ, వరంగల్ నుంచి మెట్‌పల్లికి మేం రాలేం, వచ్చినా డబ్బుకు రాం. నువ్వు చేయగలిగింది రెండు ముక్కల్లో చెప్తాను. మీ ఇంటికి అటూ ఇటూ ఉన్న రెండు ఇళ్ళ ఫోన్ నంబర్లు నీ దగ్గరున్నాయా? లేకపోతే ఈరోజే తీసుకో. పండుగకు వచ్చినప్పుడు అమ్మకు చీర తెచ్చినట్టే ఆ రెండు ఇళ్ళకూ ఏదైనా తీసుకురా.

రెండోది ఫోన్. నువ్వు డ్యూటీ దిగి రాత్రి 8కి చేస్తే ఇక్కడ తొమ్మిదిన్నర, ఆమె పడుకుని ఉంటుంది. నిద్రమత్తులో "మంచిగున్నర కొడకా, నువ్వు తిన్నవా" అని పెట్టేస్తుంది. వీడియో కాల్ అయితే నీకు ఫ్యాన్ తప్ప ఏం కనపడదు. డ్యూటీకి పోయేముందు చెయ్, రోజూ అదే టైముకు. "మంచిగున్నవా" అనకుండా ఏదైనా పని అడుగు. పచ్చిపులుసులో ముందు ఏం వేయాలి, చిన్నక్క బిడ్డకు ఏం పెట్టాలి, అట్లాంటివి. నీకు తెలిసినా సరే అడుగు.

ప్రశ్న: నాకు 72 ఏళ్ళు. ఆజం జాహీ మిల్లులో స్పిన్నింగ్‌లో చేశాను. నా భార్య పోయిన సంక్రాంతికి చనిపోయింది. పిల్లలు హైదరాబాద్‌లో ఉన్నారు, రమ్మంటారు, నాకు అక్కడ పొద్దుపోదు. మా గల్లీలోనే పాలు దొరుకుతాయి. కానీ నేను రోజూ కిలోమీటరు నడిచి ఇంకో దుకాణంలో పాల ప్యాకెట్ తెచ్చుకుంటాను. ఎందుకంటే ఆ దుకాణం అతను "ఏం పెద్దాయనా" అని రెండు మాటలు మాట్లాడతాడు. మీ వ్యాసం చదివితే మీరు నా గురించే రాసినట్టుంది. నలుగురికి సాయం చేసి బతికినవాణ్ణి, నా దగ్గరకు ఎవరైనా రండి అని అడగటానికి సిగ్గుగా ఉంది. ఇట్లా అడగటం తప్పా?
– ఒక పాఠకుడు, కరీమాబాద్

జవాబు: అన్నా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పాల ప్యాకెట్ దగ్గర మూడుసార్లూ ఆగాను.

అడగటం తప్పు కాదు, మీరు అడిగేశారు కూడా. మీ మిల్లు 1934లో మొదలైందని, వేలమంది పనిచేశారని మీకు నేను చెప్పక్కరలేదు. అది మూతపడ్డాక మీలాంటివాళ్ళు ఎంతమంది ఏ గల్లీలో ఒక్కరే కూర్చున్నారో నాకు కొంచెం తెలుసు, నేను ఉత్తరాలు పంచిన పాత బీటంతా అదే కదా. షిఫ్టులో పక్క మిషన్ మీద నిలబడ్డ మనిషిని అడగకుండా మీరు పని చేసేవారా? అప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకు?

ఇంకో సంగతి. మీరు మా దగ్గర సాయం తీసుకునే మనిషే అని నేను అనుకోవడం లేదు. జింబాబ్వేలో హరారే అనే ఊళ్ళో 2006లో డిక్సన్ చిబాండా అని ఒక మానసిక వైద్యుడు, డాక్టర్లు చాలక, 14 మంది అవ్వలకు మాట వినడం నేర్పించి చెట్ల కింద బెంచీల మీద కూర్చోబెట్టాడు. మనసు బాగాలేనివాళ్ళు వచ్చి ఆ బెంచీ మీద అవ్వ పక్కన కూర్చుని చెప్పుకునేవారు. జనం డాక్టర్ల దగ్గరకంటే అవ్వల దగ్గరకే మొహమాటం లేకుండా పోయారు. ఈ పని ఇప్పుడు చాలా దేశాలకు పాకింది. మా ఐదుగురిలో చిన్నవాడికి 41. నిలకడగా కూర్చుని గంటసేపు వినే ఓపిక వాడికి లేదు, ఫోన్ చూస్తాడు. ఉర్సు దిక్కు ఒక పెద్దమనిషి ఉన్నాడు, ఆయనా మీ మిల్లులోనే చేశాడు, వీవింగ్. పక్షవాతం వచ్చి మంచం దిగడు. మిల్లు ముచ్చట్లు చెప్తే నాకు అర్థం కావు, తలూపి వస్తున్నాను. ఆయన దగ్గరకు మీరు నాతో రాగలరేమో ఆలోచించండి. ఇప్పుడే వద్దు. మనిషి పోయి ఏడాది కూడా కాలేదు, మీ దుఃఖం మీకుంది.

ముందు నేనొస్తాను. కవర్ మీద మీ ఇంటి నంబరు రాశారు, ఆ సందు నాకు తెలుసు, వేపచెట్టు దగ్గర ఎడమకు తిరగాలి. గురువారం సాయంత్రం ఐదింటికి. ఎందుకొచ్చావంటే చెప్పడానికి నా దగ్గర పనేం లేదు, ఊకెనే వస్తున్న. నాకు షుగర్ ఉంది, చాయ్‌లో చక్కెర వేయకండి. పాలు మాత్రం ఆ దూరపు దుకాణం నుంచే తెండి.